అయ్యగారి గురించి రెండు పేజీలు రాయమన్నారు, ఏం రాయాలో తోచడం లేదు

గుడిగంట_72
మా సంఘంలో రెండు విడతలు పనిచేసి రిటైరైన పాస్టరు అయ్యగారు పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించారు. వచ్చే శనివారం ఆదరణ కూడిక. ఆ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో జీవిత విశేషాలు రెండు పేజీలు నన్ను రాయమన్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు రాశాను కాబట్టి నాకు చిటికెలో వచ్చేస్తుందని పెద్దల నమ్మకం.

కమిటీ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఉన్నదంతా ఇదీ. 1948లో జననం. 1976లో ఆర్డినేషన్ (అంటే పాస్టరుగా అభిషేకం). తొమ్మిది చోట్ల సేవ. 2013లో విరమణ. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఐదుగురు మనవలు. దాని కింద "మృదుస్వభావి, ప్రార్థనాపరుడు, మందను ప్రేమించిన మంచి కాపరి". మొదటి సగం సర్వీసు రిజిస్టరు. రెండో సగం ఏ పాస్టరు పోయినా వేసే ముక్కే. పైగా ఆయన మృదుస్వభావి కానే కాదు. క్వయరు వాళ్లు రెండోసారి ఆలస్యంగా వస్తే లోపల గడియ పెట్టించి, పాటలు ఆయనే ఎత్తుకున్న మనిషి. గొంతు కూడా అంతంత మాత్రమే.

మీ ఊళ్లలో అయ్యగార్లు పోయినప్పుడు ఏం రాశారు? తేదీలు కాకుండా ఏం వెతకాలి, ఎవరిని అడగాలి?

నిద్రలేని_నక్క
"మందను ప్రేమించిన మంచి కాపరి" మా ఊళ్లో నాలుగుసార్లు వేశారు. నాలుగోసారి ఫొటో మార్చడం కూడా మర్చిపోయారు.

సుహాసిని_టీచరు
మా మామగారు కూడా పాస్టరే. ఆయన పోయినప్పుడు నేనూ ఇదే తిప్పలు పడ్డాను. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే అందరూ "దేవుడులాంటి మనిషమ్మా" అంటారు, అక్కడితో సరి. మాట మార్చి "మీ ఇంటికి చివరిసారి ఎప్పుడొచ్చారు?" అని అడిగాను. అంతే, ఒకరు కామెర్ల సంగతి, ఒకరు పదో తరగతి ఫెయిలైన సంగతి, ఒకావిడ భర్త ఇల్లు వదిలిపోయిన రాత్రి సంగతి చెప్పుకుంటూ పోయారు. అందులో సగం రాయడానికి వీల్లేనివే అనుకోండి. మిగిలిన సగంతోనే నాలుగు పేజీలయ్యాయి.

పాతరిజిస్టరు
టీచరుగారు చెప్పింది బాగుంది, కానీ మనుషుల జ్ఞాపకం తేదీల దగ్గర జారిపోతుంది. ముందు గుడి బీరువా తెరిపించండి. బాప్తిస్మాలు, వివాహాలు, సమాధులు, మూడు రిజిస్టర్లుంటాయి. పాస్టరు జీవితం ఆయన దస్తూరీలోనే అందులో ఉంటుంది.

వివాహాల రిజిస్టరు మరీ ముఖ్యం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరులు, పాస్టరు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. అదే చట్టంలో, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలని ఉంది. మా పాత అయ్యగారు పెళ్లికొడుకు ఊరేగింపు ఆలస్యమైతే వాచీ చూపించి "ఏడు దాటితే మీరు పాటలు పాడుకోండి, నేను ఇంటికి పోతా" అనేవారు. అందరూ చాదస్తం అనుకున్నారు. చట్టం సంగతి నాకు తెలిసింది ఆయన పోయాకే.

నిద్రలేని_నక్క
నా పెళ్లి 6:52కి అయింది. తప్పు ఫొటోగ్రాఫరుది.

దివిసీమ_దాసు
గుడిగంట గారూ, ఒక్క మాట. 1976లో ఆర్డినేషన్ అంటున్నారు. మనిషి పొడుగా? ఎడమచేత్తో రాసేవారా?

గుడిగంట_72
అవును, ఎడంచెయ్యే. సంస్కారం గిన్నె మాత్రం కుడిచేత్తో పట్టుకునేవారు, అందుకని కొంచెం వణికేది. మీకెలా తెలుసు?

దివిసీమ_దాసు
అయితే ఆయనే. ఆయన మొదటి పోస్టింగు మా వైపే.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన రాత్రి. అప్పటికి నాకు పదకొండేళ్లు. మా గుడి కాస్త మెట్ట మీద ఉంది కాబట్టి మేం బతికాం. తెల్లారితే ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు. అయ్యగారు, మరో ఐదారుగురు మగాళ్లు కలిసి గుడి బెంచీలకి కాళ్లు ఊడగొట్టి శవాలు మొయ్యడానికి తీసుకెళ్లారు. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా లేదు, ఆర్డినేషన్ అయి ఏడాది. మొదటి రోజు ఆయన వాంతి చేసుకోవడం నేను చూశాను. రెండో రోజు నుంచి చేసుకోలేదు.

పాతరిజిస్టరు గారు చెప్పారు కాబట్టి గుర్తొచ్చింది. పదేళ్ల కిందట మా అమ్మమ్మ పేరు కోసం ఆ సమాధుల రిజిస్టరు చూశాను. ఆ వారం పేజీల్లో పేర్లు చాలా తక్కువ. ఎడమవైపుకి వాలిన అక్షరాల్లో ఇలా ఉంది: "స్త్రీ, సుమారు 30, ఎర్ర గాజులు." "బాలుడు, 5, వెండి మొలతాడు." "వృద్ధుడు, కుడికాలు బొటనవేలు లేదు." ఒక్కో వరుసకి ఒక్కో నంబరు. వాళ్లలో క్రైస్తవులెవరో, హిందువులెవరో, ముస్లింలెవరో ఎవరికి తెలుసు? మతం అని ఉండే గడి కింది దాకా ఖాళీ. తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే గుర్తుపట్టాలని రాశారట. ఇద్దరు ముగ్గురిని అలాగే గుర్తుపట్టారు. మా అమ్మమ్మని కూడా. బొటనవేలు వృద్ధుడు మా పక్కింటి తాత.

సుహాసిని_టీచరు
చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

గుడిగంట_72
పద్నాలుగేళ్లు ఆయన దగ్గర కూర్చున్నాను. ఉప్పెన గురించి ఒక్కనాడూ చెప్పలేదు. గాలివాన వచ్చినప్పుడల్లా గుడి తాళం తీసి ఉంచమనేవారు. అందులో సంగతి ఇదా!

దాసుగారూ, ఆ పేజీ ఫొటో ఏమైనా ఉందా?

దివిసీమ_దాసు
ఉంది, మెసేజ్‌లో పంపాను. కానీ పుస్తకంలో వెయ్యకండి. రాస్తే రాయండి.

ఒంగోలు_గిత్త
లెక్కలు కూడా వెయ్యండి అంటాను. ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్లిళ్లు. మా బాప్టిస్టులకి 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం అన్న అంకె నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అంకె ఉంటే జనానికి గుర్తుంటుంది.

బందరు_లడ్డు_కాదు
గిత్తగారూ, ఆ 2,222 అంకెతో పాటు మిషనరీ క్లౌ దొరగారి పేరు కూడా అందరికీ తెలుసు. ఆయన గట్టునే ఉన్నారు, ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులు ఆరుగురు. వాళ్ల పేర్లు చెప్పండి చూద్దాం.

మా బందరు సంగతీ అంతే. 1841లో వచ్చిన మిషనరీలు నోబుల్, ఫాక్స్ దొరల పేర్లు ఇప్పటికీ అనుకుంటాం, నోబుల్‌గారి పేరుతో కాలేజీ ఉంది. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు సైకిలు మీద తిరిగిన మన అయ్యగార్లకి ఎండకి వెలిసిన ఫ్లెక్సీ తప్ప ఇంకేముంది? అందుకే గుడిగంట గారు రాసే రెండు పేజీలు చిన్న పనేం కాదు.

ఒంగోలు_గిత్త
ఆరుగురిలో ఒక్కరి పేరు కూడా రావడం లేదు. ఒప్పుకున్నా.

గుడిగంట_72
అయితే మా దగ్గర ఆయన బాప్తిస్మం ఇచ్చినవాళ్ల పేర్లన్నీ వెనక అనుబంధంగా వేస్తే? నాలుగు వందల దాకా ఉంటాయి. పేరు కనిపిస్తే జనం పుస్తకం దాచుకుంటారు కదా.

పాతరిజిస్టరు
వద్దు. దయచేసి వద్దు. చంటిపిల్లల బాప్తిస్మాలైతే వేరే సంగతి. పెద్దయ్యాక తీసుకున్నవాళ్ల పేర్లు అచ్చు వేస్తే రేపు ఎవరి కుల సర్టిఫికెట్ మీద పడుతుందో మీకు తెలియదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి ఈరోజుకీ లేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సి. ఇంట్లో ఒకలా, ఆఫీసు కాగితంలో ఒకలా ఉన్న కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. మీ అయ్యగారికి వాళ్లెవరో తెలిసే ఉంటుంది. ఆయన దాచిన దాన్ని ఆయన జ్ఞాపకార్థ పుస్తకంలోనే బయటపెడతారా?

ఉప్పుదీపం
అంటే సాక్ష్యం దాచుకోమంటారా? బాప్తిస్మం బహిరంగంగా తీసుకునేది. సిగ్గుపడే పని కాదు.

పాతరిజిస్టరు
సిగ్గు అని నేనన్నానా? ఎవరి సాక్ష్యం వాళ్లు చెప్పుకోవాలి. నాలుగు వందల మంది సాక్ష్యం ఒక బ్యాంకు రిటైర్డ్ ఆయన చెప్పకూడదు అంటున్నాను.

గుడిగంట_72
బ్యాంకు రిటైర్డ్ ఆయనకి అర్థమైంది. పేర్లు వెయ్యడం లేదు. ఈ గొడవ ఇక్కడితో ఆపండి, లేకపోతే శనివారం దాటిపోతుంది.

కాకికబురు
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. ఆయన మా ఊళ్లో కూడా పనిచేశారు, తొంభై ఆరు తొంభై ఏడు ప్రాంతంలో. నేను ఇంకో రకం సంగతి చెబుతాను.

మా అన్నయ్య పెళ్లికి అయ్యగారు రానన్నారు. మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదవాలి, రెండే చదివారు. అమ్మాయి తరఫువాళ్లు తొందరపెట్టారు, మా నాన్న సంఘ పెద్ద. "నీకే నియమం తప్పిస్తే రేపు ఎవరికి చెప్పను?" అన్నారట. వేరే ఊరి పాస్టరుతో పెళ్లి అయింది. మా నాన్న ఆ గుడి గడప మళ్లీ తొక్కలేదు. నాలుగేళ్ల తర్వాత మంచం పట్టారు. అయ్యగారు రాలేదు. పిలిస్తే వస్తానన్నారని విన్నాం, మా నాన్న పిలవలేదు. పంతం పట్టిన ఇద్దరి మధ్య మేం.

వచ్చింది అమ్మగారు, అయ్యగారి భార్య. ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చి మా అమ్మతో కూర్చునేవారు, మా నాన్న గదిలోకి మాత్రం వెళ్లేవారు కాదు. గుమ్మం అవతల కూర్చుని గట్టిగా కీర్తన చదివేవారు, లోపలికి వినపడేలా. మా నాన్న "ఆ తలుపు వెయ్యండి" అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇది కూడా రాయండి. రాయకపోతే మీ పుస్తకం మా ఇంట్లో ఎవరూ చదవరు.

నిద్రలేని_నక్క
ఈసారి జోకు లేదు.

ఉప్పుదీపం
చనిపోయినవారి గురించి ఇలాంటివి ఇప్పుడు ఎందుకండీ? కుటుంబం బాధలో ఉంది.

సుహాసిని_టీచరు
కాకికబురు గారు నింద వెయ్యలేదు, జరిగింది చెప్పారు. అయినా నాకు తట్టింది వేరు. గుడిగంట గారూ, కమిటీ ఇచ్చిన కాగితంలో అమ్మగారి పేరు ఉందా?

గుడిగంట_72
ఇప్పుడే తీసి చూశాను. లేదు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అని ఉంది. వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో రాయలేదు.

సుహాసిని_టీచరు
అనుకున్నాను. మా అత్తగారి సంగతి చెప్తా. ఏడు బదిలీలు. ప్రతి చోటా ముందు పాస్టరుగారి భార్య ఏం చేసిందో అదే ఈవిడా చెయ్యాలి. సండే స్కూలు, స్త్రీల మైత్రి, పెళ్లికూతురిని సిద్ధం చెయ్యడం, శవం దగ్గర కూర్చోవడం. జీతం ఒకరికి, ఉద్యోగం ఇద్దరికి. పిల్లల స్కూళ్లు మారి మారి మా ఆయనకి ఎక్కాలు పదమూడు దగ్గర ఆగిపోయాయి. బంగళాలో నాటిన జామచెట్టు కాయ ఒక్కచోట కూడా ఆవిడ చూడలేదు.

రెండు పేజీల్లో ఒకటి అమ్మగారికి ఇవ్వండి.

చిన్నపాస్టరు
నేను ఇప్పుడు సేవలో ఉన్నాను, ఆరేళ్లైంది. ఆ బంగళా మాట వచ్చింది కాబట్టి. మాకు ముప్పై, నలభై ఏళ్లు ఇల్లు సంఘమే ఇస్తుంది. రిటైరైన నెలలో తాళం అప్పజెప్పాలి. అప్పుడు తెలుస్తుంది మనకి ఇల్లు లేదని. ముందుచూపుతో స్థలం కొనుక్కున్న అయ్యగార్ల మీద "పాస్టరుకి స్థలం ఎక్కడిది" అని గుసగుసలు. కొనుక్కోనివారి మీద జాలి. రెండూ కష్టమే.

మరో సంగతి, రిటైరైనవారు పాత సంఘానికి దూరంగా ఉండాలన్నది మా వాళ్లలో మర్యాద. లేకపోతే పెళ్లికీ చావుకీ జనం పాత అయ్యగారినే పిలుస్తారు, కొత్తాయన చేతులు కట్టుకుని నిలబడాలి.

గుడిగంట_72
మా అయ్యగారు అది పాటించారు. పక్క ఊళ్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. మా వాళ్లు చాలామంది పెళ్లికి రమ్మని అడిగితే "వస్తాను, బెంచీలో కూర్చుంటాను" అనేవారు.

ఒంగోలు_గిత్త
ఇది నాకు నచ్చదు. ముప్పై ఏళ్లు తెలిసిన మనిషి చేత పెళ్లి చేయించుకోవాలని ఉండదా? మర్యాద పేరుతో మనిషిని వెలివేసినట్టే.

బందరు_లడ్డు_కాదు
మా వీధిలో కొత్త సంఘాల్లో ఈ గొడవే లేదు. అక్కడ రిటైర్మెంటు అనే మాటే లేదు. పాస్టరుగారి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు. బోర్డు మీద ఫొటో పక్కన ఫొటో చేరుతుంది, అంతే.

చిన్నపాస్టరు
గిత్తగారూ, మీ బాధ నిజమే. కానీ నా సంఘంలో ఒక రిటైర్డ్ అయ్యగారు ఆఖరి బెంచీలో కూర్చునేవారు. మొదటి ఏడాది ఆయన కళ్లు మూసుకుంటే నాకు టెన్షన్, తెరిస్తే ఇంకా టెన్షన్. రెండేళ్లలో ఒకే ఒక్క మాట అన్నారు. "బాబూ, మైకు కొంచెం దూరం పెట్టు. మా ముసలాళ్లకి చప్పుడు వినిపిస్తోంది, మాట వినిపించట్లేదు." ఆయన పక్కనే ఉండి ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే నేను పారిపోయేవాణ్ణి.

గుడిగంట_72
నిన్న సాయంత్రం అమ్మగారి దగ్గరికి వెళ్లాను. టీచరుగారు చెప్పిన ప్రశ్నే అడిగాను, కొంచెం మార్చి. "ఏ ఊళ్లో సామాను విప్పడం మీకు కష్టమైంది?" ఆవిడ నవ్వారు. "విప్పితే కదా! ఒక పెట్టె తొమ్మిది ఊళ్లలోనూ విప్పలేదు" అన్నారు.

ఆ పెట్టె మంచం కిందే ఉంది. లాగి తీశాం. నిండా పెళ్లి శుభలేఖలు, ఊరి ఊరికీ విడిగా లేస్ దారంతో కట్టలు. వెనక్కి తిప్పితే ప్రసంగాలు! ముప్పై ఏడేళ్లు ఆయన ప్రసంగం రాసుకుంది శుభలేఖల వెనకే. ఒక్కో కార్డుకి ఒక్కో ఆదివారం. ఒకదాని మీద రూతు 1:16, దాని కింద మూడు మాటలు, ఆ కింద గీత గీసి "పన్నెండు నిమిషాలు. కరెంటు పోతే ఏడు." ఇంకోదాని మీద వాక్యం కూడా లేదు, "నిన్న కోప్పడ్డాను. ముందు అది చెప్పాలి" అని ఉంది. చెప్పారో లేదో నాకు గుర్తు లేదు. నేను ఆ రోజు గుడిలోనే ఉండి ఉంటాను.

సుహాసిని_టీచరు
ఇంకేం కావాలండీ మీకు! పుస్తకం అయిపోయింది.

కాకికబురు
మా ఊరి కట్ట ఉందా? మా అన్నయ్య కార్డు ఉందేమో చూస్తారా? 1997 మే. ఆయన రాని పెళ్లి కాబట్టి ఉండకపోవచ్చు.

గుడిగంట_72
ఇందాకే అమ్మగారికి ఫోన్ చేసి, మనవరాలి చేత వెతికించాను. ఉంది. వెనక ఏమీ రాయలేదు. ఆ కట్టలో అన్నీ రాసినవే, అదొక్కటే ఖాళీ.

దివిసీమ_దాసు
ఖాళీగా దాచుకున్నారంటే ఎంత బరువు మోశారో.

పాతరిజిస్టరు
తొందరపడకండి. ఆ కార్డు మెరుపు కాగితమా? దాని మీద ఇంకు పెన్ను నిలవదు.

గుడిగంట_72
మళ్లీ ఫోన్ చేశాను. అమ్మగారు విసుక్కున్నారు. అవునట, మెరుపు కాగితమే, రెండువైపులా.

కాకికబురు
మా నాన్న పట్టుబట్టి వేయించారు. ఊళ్లో ఎవరికీ లేని కార్డు కావాలన్నారు. ఇన్నేళ్లకి ఇలా అడ్డం పడింది.

ఆ కార్డు నాకు ఇస్తారా?

గుడిగంట_72
అడిగాను. శనివారం వచ్చి తీసుకోమన్నారు. మీ అన్నయ్యని కూడా తీసుకురమ్మన్నారు. మీ అమ్మగారు ఉన్నారా అని అడిగారు.

కాకికబురు
ఉంది. వస్తాం.

గుడిగంట_72
పుస్తకం ప్రెస్సు నుంచి ఇప్పుడే వచ్చింది. రెండు పేజీలు ఎనిమిదయ్యాయి. ఎర్ర గాజుల వరుస ఉంది, పేజీ ఫొటో లేదు. కాకికబురు గారి నాన్నగారి సంగతి ఊరు పేరు లేకుండా ఉంది. పెద్దకొడుకు తీసెయ్యమన్నారు, అమ్మగారు ఉంచమన్నారు. అమ్మగారి పేరు మొదటి పేజీలోనే ఉంది.

ఒక్కటే తేడా జరిగింది. నేను కొట్టేసిన "మృదుస్వభావి"ని కమిటీలో ఎవరో మళ్లీ చేర్చారు. ఐదు వందల కాపీలు.

నిద్రలేని_నక్క
ఫొటో ఆయనదేనా?

గుడిగంట_72
ఆయనదే. రెండుసార్లు చూశాను.